అట్టముక్క, నీలిపొగ

"వాణ్ణి గేటు బయటే ఉండమను."

ఐమో ఈ మాట నాతో అన్నాడు. ఎవరి గురించి అన్నాడో ఆ మనిషి మాకు నాలుగడుగుల దూరంలో, చేతులు జేబుల్లో పెట్టుకుని మా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. మా అల్లుడు యార్కో.

"నువ్వే చెప్పొచ్చుగా. అతనికేం చెవుడు లేదు" అన్నాను నా మొగుడితో.

"వాడితో నాకు మాటల్లేవు."

"మామయ్యా, ఒక్కసారి నేను చెప్పేది వినండి. ఆ రోజు నేను బండి తీసుకెళ్ళి..."

"ఏమంటున్నాడు?" అని ఐమో నన్నడిగాడు.

రెండు వారాలుగా నా నోరు వీళ్ళిద్దరికీ అద్దెకిచ్చినట్టుంది. ఉత్తరాది మంచుదేశంలోని మా కైనూ ప్రాంతంలో మనుషులు అరుచుకోరు. అరుచుకుంటే ఒక పూటలో తేలిపోతుంది కదా. మావాళ్ళు మాటలు మానేస్తారు. ఇక అది ఎన్నాళ్ళు నడుస్తుందో దేవుడికే తెలియాలి. మధ్యలో ఉన్న ఆడదానికి మాత్రం పని రెట్టింపవుతుంది. నాకు విసుగొచ్చేసింది.

"నిన్ను గేటు బయట ఉండమంటున్నాడు" అని యార్కోకి చెప్పాను. "అతను వెళ్ళేలా లేడు" అని ఐమోకి చెప్పాను. "పొయ్యి మీద కాఫీ ఉంది, నన్నొదిలెయ్యండి" అని ఇద్దరికీ కలిపి చెప్పాను.

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు.

గొడవంతా ఆ ఎర్ర బండి గురించి. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నట్టుండే ఒళ్ళు. మా అమ్మాయి మెర్వీ బడికి పోతున్న రోజుల్లో కొన్న టర్బో బండి అది. కాగితం మిల్లులో ఫిట్టరుగా ఉన్నన్నాళ్ళూ ఐమో అక్కడి యంత్రాలని ఎంత బాగా చూసుకున్నాడో, దీన్ని అంతకంటే బాగా చూసుకున్నాడు. నేను దాన్ని సవతి అంటాను. మొదట్లో వేళాకోళానికి అన్నాను, తర్వాత అదే దాని పేరైపోయింది.

తన బండి షెడ్డులో ఉందని, మనవరాలు వేరాని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని, యార్కో ఒకే ఒక్క పూట సవతిని అడిగి తీసుకున్నాడు. తెచ్చి అప్పగించిన రెండు మూడు రోజులకే అది దారిలో ఉడికిపోయి ఐమోని అక్కడే వదిలిపెట్టింది. అంతే, వాడే పాడుచేశాడు, చేసి నోరు మూసుకున్నాడు అని ఐమో పట్టు పట్టాడు. శనివారం సాయంత్రాలు రెండిళ్ళవాళ్ళం కలిసి ఆవిరి స్నానానికి సౌనా వేడిచేసుకోవడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. అదీ ఆగిపోయింది. మొన్నటి శనివారం ఆవిరిలో నేనొక్కదాన్నే కూర్చుని నా వీపు నేనే రుద్దుకున్నాను.

రోడ్డుకి అవతలి ఇంట్లోంచి మెర్వీ వచ్చింది. మా అమ్మాయి కయానీలో వాహనాల తనిఖీ కేంద్రంలో పనిచేస్తుంది. శనివారమైనా పని బట్టలే వేసుకుంది. చేతిలో పనిముట్ల పెట్టె.

"నాన్నా, గరాజ్ తాళం ఇవ్వు."

"దేనికి?"

"బండి చూస్తాను."

"నేను చూశాను."

"నువ్వు బండిని చూళ్ళేదు, నా మొగుణ్ణి చూశావు. రెండు వారాల నుంచీ అతన్నే చూస్తున్నావు. ఇవాళ బండిని చూద్దాం. తప్పు ఇతనిదని తేలితే నీ ఎదురుగా నిలబడి తప్పయిందంటాడు. కాదని తేలితే నువ్వు అనాలి."

"అనకపోతే?"

మెర్వీ నా వైపు చూసి కళ్ళు దించుకుంది. జవాబు యార్కో ఇచ్చాడు.

"అనకపోతే ఔలు వెళ్ళిపోతాం, మామయ్యా. మా అన్నయ్య తన లారీలకి డ్రైవరు కావాలని చలికాలం నుంచీ పిలుస్తున్నాడు. నేనే రానంటూ వచ్చాను. ఇక అనను."

"ఏమంటున్నాడు?"

"వినపడింది నీకు" అన్నాను. "బాగా వినపడింది, ఐమో."

ఔలు లోకం చివర లేదు, నాకూ తెలుసు. కార్లో రెండు గంటల పైన పడుతుంది. కానీ రోడ్డు దాటితే చాలన్నంత దగ్గరున్న పిల్లలు రెండు గంటల దూరం పోతే అది పండగలకి వచ్చిపోయే చుట్టరికం అవుతుంది. వేరా ఇప్పుడు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి నా ఫ్రిజ్ తెరుస్తుంది. చుట్టాలు ఫ్రిజ్ తెరవరు.

ఐమో జేబులోంచి తాళం తీసి మెర్వీ చేతిలో పెట్టాడు. గరాజ్ దాకా నడుస్తూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. గేటు సంగతి మళ్ళీ ఎత్తలేదు కాబట్టి యార్కో కూడా వెనకాలే వచ్చాడు.

*

"ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది?" మెర్వీ బండి ముందు మూత ఎత్తి కడ్డీ ఆనించింది.

"చెప్పానుగా."

"అమ్మకి చెప్పావు. నాకు చెప్పు. తనిఖీకి వచ్చిన పెద్దాయనవి అనుకుంటాలే."

"కయానీ నుంచి వస్తున్నా. ఎండ బాగా ఉంది. చర్చి ముందు ఎత్తు ఎక్కేసరికి వేడి ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు లేదు. అంతా పొగే."

"ఏం రంగు?"

"పొగ రంగు."

"నాన్నా!"

"నీలం. నీలంగా ఉంది."

"తీపి వాసనేమన్నా వేసిందా?"

ఐమో కాసేపు ఆలోచించాడు. "లేదు. ఏమో. నాకు ఈమధ్య ముక్కు సరిగా పనిచెయ్యట్లేదు."

మెర్వీ నాకోసమన్నట్టు చెప్పింది. "తెల్లగా, తీపి వాసనతో వస్తే ఇంజనులో నీళ్ళు కాలుతున్నట్టమ్మా. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు. నీలంగా వస్తే నూనె కాలుతోంది."

"నా వంటింట్లో ఏ రంగైనా ఒకటే అర్థం. ఏదో మాడింది" అన్నాను.

యార్కో నవ్వాడు. ఐమో కూడా నవ్వబోయాడు గానీ, యార్కో నవ్వుతున్నాడని చూసి మానుకున్నాడు.

"అడగక్కర్లేదు, చూడక్కర్లేదు. హెడ్ గాస్కెట్టు పోయింది" అన్నాడు ఐమో. "వేడెక్కని ఇంజనుని మొదటి మలుపు నుంచే తొక్కి పట్టుకుని పోతే ఇంకేమవుతుంది? వీళ్ళకి లారీలు అలవాటు. ఎంత తొక్కినా కదలనివి."

"మామయ్యా, నేను నడిపేది కూడా టర్బోనే. నలభై చక్రాలున్నా టర్బో టర్బోనే."

"నలభై చక్రాలట" అన్నాడు ఐమో నాతో. "నలభై చక్రాల లారీ ఎక్కడుందో కనుక్కో."

మెర్వీ ఇవేమీ పట్టించుకోలేదు. నూనె పోసే మూత విప్పి లోపలివైపు వేలితో తుడిచి వెలుతురులో పెట్టి చూసింది. నీళ్ళు నూనెలోకి దిగితే అక్కడ మీగడలా తెల్లగా పేరుకుంటుందట. నల్లటి నూనే తప్ప ఏమీ లేదు. తర్వాత చల్లారి ఉన్న నీళ్ళ డబ్బా మూతి మీద ఒక గాజు గొట్టం పెట్టి, అందులో నీలం రంగు మందు పోసి, ఇంజను తిప్పింది. ఇంజను తల కింద పట్టీలా ఉండే ఆ గాస్కెట్టు పోయి లోపలి పొగ నీళ్ళలోకి వస్తుంటే ఆ నీలం పసుపుకి తిరుగుతుందని చెప్పింది. మేం నలుగురం ఆ గొట్టం చుట్టూ నిలబడి చూశాం. నలుగురం ఒకచోట అంత దగ్గరగా నిలబడి రెండు వారాలైంది.

నీలం నీలంగానే ఉండిపోయింది.

"హెడ్ బాగానే ఉంది నాన్నా."

"అయితే బండికి తల బాగానే ఉందన్నమాట" అన్నాడు యార్కో. బండికి అన్న మాటని కాస్త ఒత్తి పలికాడు.

ఐమో మెడ ఎర్రబడింది. "విన్నావా వాడి వెటకారం?" అన్నాడు నాతో.

"నువ్వు నోరు మూసుకో యార్కో" అంది మెర్వీ. అంత కటువుగా తను అతనితో మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. యార్కో కూడా వినలేదనుకుంటా. తలుపు దగ్గరికి జరిగి గోడకి ఆనుకున్నాడు.

ఇంజను వేడెక్కుతుంటే మెర్వీ గొట్టాలు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. నీళ్ళు తిరుగుతున్నాయి. ఫ్యాను తిరుగుతోంది. ముల్లు మాత్రం మెల్లగా పైకి పోతూనే ఉంది. నిలబెట్టిన బండికే!

"గాలి తగలట్లేదు దీనికి" అని తనలో తను అనుకుంటూ ఇంజను ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి ముందు జాలీలోంచి లోపలికి చూసింది.

తర్వాత జాలీ మరలు విప్పి పక్కన పెట్టి, లోపలికి చెయ్యి పోనిచ్చి, ప్లాస్టిక్ కట్లు కత్తిరించి, ఒక అట్టముక్కని బయటికి లాగింది.

నల్ల రంగు వేసిన అట్ట. అరటిపళ్ళ పెట్టెది. రేడియేటరు కొలతకి కోసి, మూలలు చక్కగా గుండ్రం చేసి ఉంది. ఎందుకు గుర్తుండదు నాకు? మొన్నటి అక్టోబరులో నా భోజనాల బల్ల మీద, నా రొట్టె కత్తితో ఐమోనే కోశాడు. కత్తి మొండి చేశావని నేను తిట్టాను కూడా. మా వైపు చలి ముదిరితే ప్రతివాళ్ళూ బండి మూతికి అట్ట కడతారు, లేకపోతే ఇంజను వేడెక్కనే ఎక్కదు. ఏప్రిల్ నెలాఖరుకి అందరూ విప్పేస్తారు. ఇప్పుడు మే నెల చివర. బయట బర్చి చెట్ల నిండా ఆకులున్నాయి.

యార్కో ఒక మాట అనేస్తే నాకు ఇంకాస్త తేలికగా ఉండేది.

"నేను తీశాను" అన్నాడు ఐమో.

"నాన్నా, ఇదిగో, నా చేతిలో ఉంది."

"నేను తీశాను అది. తీసి అదిగో, ఆ గోడకి ఆనించాను. ఎవరో మళ్ళీ పెట్టారు."

"ఎండలు కాస్తుంటే ఎవరు పెడతారు నాన్నా?"

ఐమో తల తిప్పి యార్కో వైపు చూశాడు. రెండు వారాల్లో అతని మొహంలోకి నేరుగా చూడ్డం అదే మొదలు.

"కాఫీ తెస్తాను" అన్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు.

*

ట్రేలో నాలుగు కప్పులు, ఏలకుల రొట్టె పెట్టుకుని తిరిగి వచ్చేసరికి సవతి పేగులు బయటపడి ఉన్నాయి. మెర్వీ ఏదో లావుపాటి గొట్టం ఊడదీసి, లోపల ఉన్న చిన్న చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆడిస్తోంది.

"అట్టముక్క వల్ల వేడెక్కింది, అంతే. పొగకి కారణం అది కాదు" అంటోంది. "చూడు, ఈ ఇరుసు ఎలా ఊగుతోందో. సీలు పోయింది. నూనె ఇక్కణ్ణించి కారి పొగగొట్టంలో పడి కాలుతోంది."

"టర్బో పోయిందా?" అన్నాడు ఐమో.

"పోయింది. ఎందుకు పోయిందో ఇదిగో, ఇది చెప్తుంది." చూపుడువేలంత సన్నటి గొట్టాన్ని విప్పి గుడ్డ మీద వంచి తట్టింది. లోపల్నుంచి నల్లటి పెచ్చులు రాలాయి, అడుగంటిన గిన్నె గీకితే వచ్చేవాటిలా. "నూనె మాడి బొగ్గయిపోయింది."

"మాడ్డమేంటే?" అన్నాను.

"టర్బో అంటే ఇంజనులోకి గాలి తోసే ఈ చక్రమేనమ్మా, బండి నడిచినంతసేపూ నిప్పులా కాలుతూ ఉంటుంది. నూనె పారుతున్నంతసేపూ దానికేం కాదు. ఇంటికి రాగానే టక్కున ఇంజను ఆపేశామనుకో, నూనె ఎక్కడిదక్కడ ఆగిపోయి ఆ వేడికి మాడిపోతుంది. అందుకని ఇలాంటి పాత బండి ఆపాక కూడా ఇంజనుని కాసేపు ఊరికే తిరగనివ్వాలి. అది కాస్త చల్లబడ్డాకే ఆపి దిగాలి. నాకు డ్రైవింగ్ నేర్పిన మొదటి రోజు నాన్న చెప్పింది ఇదే."

ట్రే పట్టుకుని నేను ఉన్నచోటే నిలబడిపోయాను.

నా వంటింటి కిటికీలోంచి వాకిలంతా కనపడుతుంది. ఏళ్ళ తరబడి చూసిన దృశ్యం. బండి వచ్చి ఆగుతుంది. ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఐమో దిగడు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చుంటాడు. నేను సూప్ వడ్డించేసి ఉంటాను. ఎప్పటికో ఇంజను ఆగుతుంది, దిగి లోపలికి వచ్చి, టోపీ మేకుకి తగిలించి, కుర్చీ లాక్కుంటాడు. రోజూ ఇంతే.

నా మొహం చూడ్డానికి ఈ మనిషి అంత ధైర్యం కూడగట్టుకోవాలా అనుకునేదాన్ని. అడగలేదు. ఏమని అడుగుతాను? ఇంట్లోకి రావడానికి నీకంత కష్టంగా ఉందా అనా? అవునంటే ఏం చెయ్యను? ఎవరి కాపురంలో లోపం లేదులే అని సర్దుకున్నాను. సర్దుకున్నానంటే మింగాను. కొన్నిసార్లు ప్లేటు గట్టిగా పెట్టాను. అతను నూనె చల్లారాలని అక్కడ కూర్చుంటే నేను ఇక్కడ సూప్ చల్లారుతోందని ఏడ్చాను. ఓరి మహానుభావా, ఆ ఒక్క ముక్కా నాకు చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా!

నవ్వొచ్చింది నాకు. సంతోషంతోనే వచ్చింది. నా వల్ల కాదన్నమాట. నా మొహం చూడలేక కాదన్నమాట. ఇన్నేళ్ళ బరువు దిగిపోయినట్టయింది.

ఆ సంతోషం ట్రే కింద పెట్టేంతసేపు కూడా లేదు. ఎందుకంటే ఈ చలికాలం ఐమో అలా బండిలో కూర్చోలేదు.

క్రిస్మస్‌కి ముందే మొదలైంది. బండి ఆగడం, వెంటనే ఇంజను ఆగడం, తలుపు చప్పుడు. బూట్ల మంచు దులుపుకోకుండానే లోపలికి వచ్చేసి పొయ్యి దగ్గర నా పక్కన నిలబడేవాడు. మొదటి రోజు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తర్వాత తర్వాత బండి చప్పుడు వినగానే జుట్టు సర్దుకోవడం మొదలుపెట్టాను, ఈ వయసులో! పండగలకి తీసే కప్పులు మామూలు రోజుల్లో తీశాను. వారం మధ్యలో వరిజావ కూరిన రొట్టెలు కాల్చాను. "ఏంటమ్మా, మొహం వెలిగిపోతోంది" అని మెర్వీ కూడా అంది. ఇన్నేళ్ళకి నా మొగుడు నాకు దొరికాడనుకున్నాను.

అతను నా దగ్గరికి రాలేదు. కూర్చోవాలని మర్చిపోయాడు, అంతే.

ట్రేలో కప్పులు చప్పుడు చేశాయి. మెర్వీ తలెత్తి నన్ను చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

*

ఐమో ఆ నల్లటి పెచ్చొకటి తీసుకుని బొటనవేలితో నలిపాడు. జీవితమంతా యంత్రాలతో గడిపిన మనిషి. ఇంకొకళ్ళు చెప్పాల్సిన పని లేదు.

"ఇది ఒక్కరోజు పని కాదు" అన్నాడు.

యార్కో గోడ దగ్గర్నుంచి కదిలాడు. "నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే మామయ్యా. నేను తీసుకెళ్ళింది ఒక్క పూట. తిరిగొచ్చాక కూడా వేరాని బండిలోనే కూర్చోబెట్టి, కాసేపు తిరగనిచ్చి ఆపాను. కావాలంటే పాపని అడగండి."

"నెలల తరబడి జరిగితే తప్ప ఇంత పేరుకోదు" అన్నాడు ఐమో, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు. మళ్ళీ పెచ్చు వంక చూశాడు. "నెలల తరబడి."

"అవును నాన్నా" అంది మెర్వీ, చాలా నెమ్మదిగా.

"అయితే నెలల తరబడి తీస్తున్నాడన్నమాట."

"ఎవరు?"

"రెండో తాళం చెవి మీ ఇంట్లో ఉంది కదా. నేను మధ్యాహ్నం పడుకున్నప్పుడు తీస్తున్నాడు. నాకు తెలియకుండా చలికాలమంతా నడిపాడు. అట్ట కూడా వీడే పెట్టి ఉంటాడు, తన తప్పు నా మీదికి రావాలని."

"నాన్నా, ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?"

"నా బండి సంగతి నాకు తెలీదా? నేను చల్లారనివ్వకుండా ఎప్పుడూ దిగలేదు. ఒక్కసారి కూడా దిగలేదు. అట్ట తీశాను. అయినా ఇలా అయిందంటే ఇంకెవరో తీసినట్టే. నువ్వే చెప్పు, ఇంకో దారి ఉందా?"

యార్కో మొహం పాలిపోయింది. కోపంతో కాదు. అలిసిపోయాడు, పాపం. మెర్వీ భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు.

"అన్నయ్యకి ఫోన్ చేస్తాను" అన్నాడు మెర్వీతో. ఎవరూ పొమ్మనకుండానే వాకిలి దాటి, గేటు తీసుకుని, బయట రోడ్డు మీద నిలబడి ఫోను తీశాడు.

"పోనీ" అన్నాడు ఐమో. "పోనీ. నేను అబద్ధం చెప్తున్నానేమో మీ అమ్మని అడుగు. రోజూ కిటికీలో ఉంటుంది. చెప్పు హిల్కా. ఇన్నేళ్ళలో ఇంజను చల్లారనివ్వకుండా నేను ఏనాడైనా దిగానా?"

అతని మొహంలో అనుమానమన్నది లేదు. పెళ్ళాన్ని కాబట్టి తన తరఫున మాట్లాడతానని కాదు, నిజమే తన తరఫున ఉందని అతని నమ్మకం. ఆ నమ్మకం చూసి నా ప్రాణం ఉసూరుమంది.

లేదు అంటే సరిపోతుంది. ఒక్క మాట. నా మొగుడు ఇవాళ్టికి నిలబడతాడు. అల్లుడు దొంగవుతాడు, అమ్మాయి సామాను సర్దుకుంటుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో మేమిద్దరమే ఉంటాం, ఇంకేం మర్చిపోతున్నాడో నేనొక్కదాన్నే చూస్తూ. గేటు అవతల్నుంచి యార్కో "అన్నయ్యా, నేనే" అనడం వినపడింది.

"దిగావు" అన్నాను.

"ఏంటి?"

"దిగావు, ఐమో. చలికాలమంతా దిగావు. బండి ఆపడం, ఇంజను ఆపేయడం, లోపలికి వచ్చేయడం. ఒక్కరోజు కూడా కూర్చోలేదు. ఇంకెవరూ తియ్యలేదు నీ బండి. మధ్యాహ్నాలు నువ్వు పడుకుంటే నేను ఆ కిటికీ దగ్గరే అల్లుకుంటూ కూర్చుంటాను, నాకు తెలీకుండా ఎవరు తీస్తారు?"

మెర్వీ చేతిలో ఉన్న గొట్టాన్ని చప్పుడు కాకుండా గుడ్డ మీద పెట్టింది.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు ఐమో.

"ఆ కూర్చోవడం దేనికో నాకెప్పుడు చెప్పావు గనక? ఇప్పుడు మెర్వీ చెప్తే తెలిసింది."

"అది కాదు. ఏళ్ళ తరబడి రోజూ చేసిన పని మానేస్తే నీకు తేడా తెలీలేదా?"

"తెలిసింది."

"మరి?"

ఏమని చెప్పను? కూతురి ముందు చెప్పే మాట కాదు. అయినా చెప్పాను.

"నాకు బాగుండింది. నువ్వు తొందరగా లోపలికి వచ్చేస్తుంటే నాకు బాగుండింది, ఐమో. ఎందుకని అడిగితే మళ్ళీ మానేస్తావేమోనని అడగలేదు."

అతను గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. నల్లమరక పోలేదు. గుడ్డ మడిచి పెట్టి గరాజ్ తలుపు దాకా నడిచాడు.

"యార్కో!"

ఆ పేరు అతని నోట విని రెండు వారాలైంది. గేటు దగ్గర యార్కో వెనక్కి తిరిగాడు, ఫోను చెవి దగ్గరే ఉంది.

"ఆ ఫోను తర్వాత చేసుకుందువుగాని. లోపలికి రా. కాఫీ చల్లారిపోతోంది."

యార్కో అన్నతో ఏదో ఒక ముక్క చెప్పి పెట్టేశాడు. వచ్చి తలుపు బయటే ఆగాడు. ఐమో అతని మొహంలోకి చూడకుండా, అతని బూట్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

"అట్ట నేనే పెట్టాను. తియ్యలేదు. బండి నేనే పాడుచేశాను. తప్పయింది."

"పర్లేదు మామయ్యా. బండే కదా."

"పర్లేదు కాదు." ఐమో తల అడ్డంగా ఊపాడు. వెనక్కి వచ్చి పని బల్ల పక్కన ఉన్న పెట్టె మీద కూర్చున్నాడు. మెర్వీ అతని పక్కన చేరి చెయ్యి పట్టుకోబోయింది. వద్దన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నన్ను చూశాడు.

"అట్ట తీశానని నాకు గుర్తుంది, హిల్కా. కట్లు కత్తిరించడం గుర్తుంది. గోడకి ఆనించడం గుర్తుంది. నిన్న కూడా బండిలో కూర్చుని చల్లారనిచ్చానని గుర్తుంది. నిన్న ఈ బండి బయటికే తియ్యలేదు కదా?"

"తియ్యలేదు."

"ఊఁ" అన్నాడు. "అయితే నాకు గుర్తున్నవాటిలో ఇంకా ఏవేవి జరగలేదు? నీకు తెలుసు. నువ్వు చూస్తూనే ఉన్నావు. వీళ్ళ ముందే చెప్పు, వీళ్ళకీ తెలియాలి."

మెర్వీ నా వైపు చూసింది. యార్కో కూడా చూశాడు. నా దగ్గర చాలానే ఉన్నాయి, చలికాలం నుంచీ ఒక్కొక్కటే చూసి, ఎవరికీ చెప్పకుండా సర్దేసినవి. వాటిలో అతనికి అన్నిటికంటే తక్కువ నొప్పి కలిగించేది ఏదా అని వెతుక్కున్నాను. అలాంటిది ఒక్కటి కూడా లేదు.